ఏడో ఫ్రేములో తెగిన పోగు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా కుప్పం కాలేజీలో అటెండరు మొదలు ప్రిన్సిపాల్ దాకా అందరూ అంటారు. అబద్ధం. ముక్కు దాకా ఎక్కే ఓపిక దానికెక్కడిది, నాలుక చివరే దాని కాపురం. అలాంటి నా నోటికి తాళం వేసిన మనిషి ఒకామె మదనపల్లెలో ఉంది. పేరు ఫాతిమున్నీసా. పట్టుగూళ్ళ నుంచి దారం తీయడం ఆమె పని. చదువు ఐదో తరగతి, అదీ పుంగనూరులో పుట్టింట్లో ఉండగా. ఆమె గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ వాయిదా వేశాను. బద్ధకం వల్ల కాదు, సిగ్గు వల్ల.

ముందు నా గొడవ చెప్పాలి. మా నాన్న బైరెడ్డిపల్లె దగ్గర మెట్ట రైతు. వానను నమ్ముకుని మల్బరీ పెంచి పట్టుపురుగుల్ని మేపేవాడు. గూళ్ళు మూటగట్టి మదనపల్లె మార్కెట్టుకు తీసుకుపోతే, వ్యాపారులు ఊరి పేరు వినగానే మొహం తిప్పుకునేవారు. "మెట్ట ఆకు తినిన పురుగప్పా, పోగులో సత్తువ ఉండదు" అనేవారు. రామసముద్రం వైపు బోర్ల కింద పెరిగిన ఆకు తిన్న గూళ్ళకైతే ఎగబడేవారు. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సత్తువ లేదని ఎవడు చూశాడు? పోగు లోపలికి దూరి చూశాడా? ఆ మంటతోనే 2003లో పీహెచ్‌డీకి చేరాను. నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. మెట్ట గూడు పోగూ, బోరు కింది తడి గూడు పోగూ లోపల ఒకే తీరుగా ఉంటాయా, ఉండవా? అదీ నా ప్రశ్న.

పట్టుపోగు తలవెంట్రుక కంటే సన్నం. దాని లోపల అణువులు వరుసగా పేర్చుకుని ఉంటాయి. ఆ వరుస ఎంత చక్కగా ఉందో చూడాలంటే మామూలు ఎక్స్‌రే మిషను చాలదు. చాలా తీవ్రమైన, సన్నని కిరణం కావాలి. అది ఇండోర్‌లో ఉంది. అక్కడ పెద్ద వలయంలాంటి గొట్టంలో ఎలక్ట్రాన్లు గిర్రున తిరుగుతుంటాయి. మలుపు తిరిగిన చోటల్లా వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగును వలయం చుట్టూ అక్కడక్కడా కుళాయి పెట్టినట్టు బయటికి తీసి, ఒక్కో చోట ఒక్కో స్టేషన్ కట్టారు. ఇలాంటిది ఏ కాలేజీ సొంతంగా పెట్టుకోలేదు. అందుకని అది అందరిదీ. ఏం చూడాలి, ఈ వెలుగు లేకపోతే ఎందుకు కుదరదు అని అర్జీ రాసుకోవాలి. తెలిసినవాళ్ళు చదివి, బాగుందనుకుంటే రోజులు కేటాయిస్తారు. ఆ రోజుల్లో ఆ స్టేషన్ మనది. సమయం అయ్యేసరికి బల్ల తుడిచి, తర్వాతివాళ్ళకు అప్పగించి లేవాలి. మళ్ళీ కావాలంటే మళ్ళీ అర్జీ, మళ్ళీ వరుస.

2008లో నాకు మూడు రోజులు ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు సెలవు కోసం ప్రిన్సిపాల్‌తో పోట్లాడాను. అగ్గిపెట్టంత ఇత్తడి ఫ్రేములు చేయించి, పోగు నేనే చుట్టాను. ఒక్కో ఫ్రేముకు ఒక్కటే గూడు. గూడు పైపొర నుంచి లోపలి పొర దాకా కొంచెం కొంచెం తీసి, పక్కపక్కన ఎనిమిది సన్నని పట్టీలుగా చుట్టాలి. రెండు రోజులు రైల్లో ఊగి ఇండోర్ చేరేసరికి పోగులన్నీ వదులైపోయాయి. తెర మీద అంతా అలికినట్టు వచ్చింది. "మీ మిషనే సరిగ్గా లేదు" అని ఆ స్టేషన్ చూసే దేవేంద్ర అనే కుర్ర సైంటిస్టు మీద అరిచాను. ఆయన నొచ్చుకోకుండా, పోగులు బిగువుగా లేవు మేడం అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకోసమే పుట్టింది. ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

మళ్ళీ అర్జీ పెడితే 2009 సెప్టెంబరులో ఇంకో మూడు రోజులు వచ్చాయి. ఆ డిసెంబరు దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళ చదువు, నాన్న ప్రశ్న, రెండూ ఆ మూడు రోజుల మీద నిలబడ్డాయి. పోగు చుట్టే మనిషి కోసం మదనపల్లెలో అడిగితే అందరూ ఒకే ఇల్లు చూపించారు.

పందిరి కింద చర్కా. ఆమె భర్త ఖాజా మొహిద్దీన్ చక్రం తిప్పుతున్నాడు. ఆమె ఆవిర్లు కక్కే నీళ్ళ తొట్టి ముందు కూర్చుని, తేలే గూళ్ళ కొసలు అందుకుంటోంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. పదో ఏట నుంచి వేడి నీళ్ళలో నాని నాని వేలి కొసలు తెల్లగా పాలిపోయి, గీతలు చెరిగిపోయి ఉన్నాయి. పది గూళ్ళ పోగులు కలిసి ఒక దారం అవుతుంది. నడుమ ఏ గూడు పోగు తెగినా చక్రం ఆగదు. ఇంకో గూడు కొస తీసి, పరుగెత్తే దారం మీదకు విసురుతుంది. అది అతుక్కుని పోతుంది. తెగినట్టే తెలియదు. అందుకే బజారులో ఆమెకు 'తెగని చెయ్యి' అని పేరు.

నా పాత ఫ్రేము ఒకటి చూపించాను.

"ఎవురు సుట్టినారమ్మా ఇది?" అంది.

"నేనే."

"సుట్టినట్లు లేదు. పిల్లి ఆడుకున్నట్లుండాది."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే పందిరి ఎగిరిపోయేది. ఎందుకో నవ్వొచ్చింది. గంటలో ఆమె చుట్టి ఇచ్చిన ఫ్రేము చూస్తే పోగు పక్కన పోగు, వెలుతురుకు పెడితే గాజు ముక్కలా ఉంది. అప్పుడే అడిగాను, నాతో ఇండోర్ వస్తావా అక్కా అని. అక్కడికక్కడే చుడితే వదులయ్యే బాధ ఉండదు. ఆమె మొగుడి వైపు చూసింది.

"పోయి సూసి రా. నీ పోగులో ఏముండాదో నీకూ తెల్లా, నాకూ తెల్లా" అన్నాడు ఆయన.

ఒక్క షరతు మాత్రం పదిసార్లు చెప్పాను. "ఒక గూడు, ఒక పోగు. తెగితే ఆపెయ్. అతికించొద్దు." ఆమె పదిసార్లూ తలూపింది.

అర్జీలో ఆమె పేరు కూడా చేర్పించాను. నమూనాలు తయారు చేసేవారు అని. రైల్లో ఎక్కింది మొదలు నా దొరతనం ఒక్కొక్కటే రాలిపోయింది. నా హిందీ రైల్వే స్టేషన్ బోర్డులు చదవడానికి తప్ప దేనికీ పనికి రాదు. ఆమెకు ఇంట్లో మాట్లాడే దక్కనీ ఉర్దూ ఉండనే ఉంది. టీ దగ్గర నుంచి ఆటో దాకా ఆమే మాట్లాడింది. గేటు దగ్గర నేను కాగితాలు వెతుక్కుంటుంటే, సెక్యూరిటీ అతనితో పిల్లల చదువుల దాకా వెళ్ళిపోయింది. "మేడం ఎవరు?" అని అతను అడిగితే, "నాతో వచ్చినారు" అంది. ఈ ముక్క ఆమె నాకు తెలుగులో చెప్పి మరీ నవ్వింది.

మొదటి రోజు పొద్దున ఇద్దరికీ జాగ్రత్తల పాఠం చెప్పి, రేడియేషన్ లెక్క చూసే బిళ్ళలు తగిలించారు. నమూనా పెట్టే గదికి సీసపు గోడలు. తలుపు మూసేముందు ఒకరు లోపలంతా తిరిగి, ఎవరూ లేరని చూసి, వెనక మూల ఉన్న మీట నొక్కి బయటికి రావాలి. అప్పుడే తాళం పడుతుంది, అప్పుడే వెలుగు వదులుతారు. ఆ పని ఆమె పట్టుకుంది. ప్రతిసారీ వంగి బల్ల కింద కూడా చూసి, "అందర్ కోయీ హై క్యా?" అని, లోపల ఎవరైనా ఉన్నారేమోనని కేకేసి గానీ మీట నొక్కేది కాదు. దేవేంద్ర నవ్వాడు గానీ, మూడో రోజుకు అతనూ వంగి చూడడం మొదలుపెట్టాడు.

వలయాన్ని పై నుంచి చూపిస్తే దాని చుట్టూ ఒకసారి వేలు తిప్పింది. తర్వాత అంది, "మన చర్కా మాదిరే తిరగతాండాది కదమ్మా. ఇది ఆగితే అందురి పనీ ఆగిపోతాది." నేను అరగంట చెప్పే పాఠం అది.

గూళ్ళను దూది పరిచిన టిఫిన్ క్యారియర్‌లో తెచ్చుకున్నాం. నమూనాల గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టి, గాజు గిన్నెలో గూళ్ళు నానబెట్టింది. ఉడికిన గూళ్ళ వాసన తెలిసినవాళ్ళకే తెలుసు. మా తర్వాత స్టేషన్ తీసుకోవలసిన వాళ్ళు ముందే వచ్చి పక్క బల్ల దగ్గర పని చేసుకుంటున్నారు. నాగపూర్ నుంచి వచ్చిన సిమెంటు పరిశోధకులు. ముక్కులు మూసుకున్నారు. నేను జవాబు ఇవ్వబోయేలోపు ఫాతిమక్క లేచి వెళ్ళి కిటికీ తెరిచి, క్షమించమంది. వాళ్ళు వెంట్రుకంత సన్నని గాజు గొట్టాల్లో సిమెంటు పొడి నింపాలి. నింపినవి నింపినట్టే విరిగిపోతున్నాయి. కాసేపు చూసి, ఒక గొట్టం అడిగి తీసుకుంది. వేలి కొసతో చిన్నగా తట్టుతూ పొడిని కిందికి దింపింది. మధ్యాహ్నానికి వాళ్ళ గొట్టాలన్నీ నింపి పెట్టింది. ఆ తర్వాత ఆ వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు.

పన్నెండు ఫ్రేములు. ఆరు మెట్టవి, ఆరు తడివి. ఒక్కో పట్టీకి పది నిమిషాలు. వలయంలో ఎలక్ట్రాన్లు గంటగంటకూ తగ్గుతూ వస్తాయి, మళ్ళీ నింపాలి. నింపేంతసేపూ అందరూ చేతులు కట్టుకు కూర్చోవాలి. అది నేను లెక్కలో వేసుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి ఇంకా రెండు ఫ్రేములు మిగిలాయి. సాయంత్రం ఐదుకు మా సమయం అయిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నమూనాల గదిలోకి దూసుకెళ్ళి, "ఇంకా ఎంతసేపక్కా? ఇది నీ ఇంటి పందిరి కాదు. ఒకటొకటిగా ఏం ఉడకబెడతావ్, ఇంకోటి కూడా పడెయ్ అందులో! చెయ్యి కదుపు!" అని అరిచాను. సిమెంటు వాళ్ళు తలెత్తి చూశారు. ఫాతిమక్క అదనంగా ఇంకో గూడు గిన్నెలో వేసి, వంచిన తల ఎత్తకుండా చుట్టసాగింది.

అప్పటిదాకా వచ్చిన పదకొండు ఫ్రేములూ ఒకే మాట చెప్పాయి. గూడు పైపొరలో వరుస కొంచెం తక్కువ. లోపలికి పోయేకొద్దీ పోగు సన్నబడి, వరుస చక్కబడుతుంది. తెర మీద గీత మొదటి పట్టీ నుంచి ఎనిమిదో పట్టీ దాకా మెట్లెక్కినట్టు పైకి పోతుంది. మెట్ట గూడైనా అంతే, తడి గూడైనా అంతే. ఫ్రేముల్ని నంబర్ల వరుసలో పెట్టలేదు; చివరగా పెట్టింది ఏడో నంబరు ఫ్రేము, బైరెడ్డిపల్లె గూడు. నాలుగో పట్టీ దాకా గీత పైకి పోయింది. ఐదో పట్టీ దగ్గర దభీమని మొదటికి పడింది. అక్కడి నుంచి మళ్ళీ పైకి ఎక్కింది.

తెర మీదికి వంగాను. మెట్ట పురుగు ఆకలికి మధ్యలో ఆగి, కొత్తగా మొదలుపెట్టి అల్లిందన్నమాట! ఇది ఎవరూ చూసి ఉండరు. ఎగిరి గంతేశాను. దేవేంద్ర కుర్చీలోంచి లేచి వచ్చి, చూసి, కళ్ళు పెద్దవి చేశాడు. ఇది నిజమైతే పెద్ద పేపరు అవుతుంది మేడం అన్నాడు. ఆరేళ్ళ కష్టం ఒక్క గీతలో తీరిపోయిందనుకున్నాను. నాన్న గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఫాతిమక్క నా వెనకే నిలబడి ఉంది. తెర వైపు చెయ్యి చూపించి, "ఇది ఏమమ్మా, పడిపోయింది?" అని అడిగింది.

చెప్పాను. పురుగు ఆగి, మళ్ళీ మొదటి నుంచి అల్లిందక్కా అన్నాను.

"పురుగు యాల ఆపుతాదమ్మా? అది మొదులుపెట్టినాక సచ్చేదే గాని ఆపేది ల్యా" అంది.

ఆ మాట నాకు చిరాకేసింది. "నీకు తెలియదు, ఊరుకో" అన్నాను. ఆమె నమూనాల గదిలోకి వెళ్ళిపోయింది.

పది నిమిషాలకు తిరిగొచ్చింది. ప్రతి గూడూ చుట్టాక మిగిలిన తొక్కను నంబరు వేసి కాగితంలో పొట్లం కట్టమని నేనే చెప్పాను. ఆరో నంబరు పొట్లం విప్పి నా ముందు పెట్టింది. గూడు అరిగి అరిగి, లోపలి పురుగు కనిపించేంత పలచనై ఉంది. తర్వాత ఏడో నంబరు విప్పింది. అందులో రెండు గూళ్ళున్నాయి. ఒకటి సగం అరిగింది. రెండోది కూడా సగమే అరిగింది. రెండింటి మీదా దారం ఇంకా మిగిలే ఉంది.

"ఈడ తెగింది పోగు" అంది, తెర మీద నాలుగుకూ ఐదుకూ నడుమ వేలు పెట్టి. "నేనే ఇంకో గూడు కొస అతికిస్తిని. ఎప్పుడు అతికించినానో నాకే తెల్లా. చెయ్యి చేసేసింది. ఐదో పట్టీ నుంచి అది ఏరే గూడు. దాని పైపొర. అందుకే మొదుటికి పడింది."

దేవేంద్ర పొట్లం మీదికి వంగి చూశాడు. ఫాతిమక్క మొహం ఎర్రబడింది. మదనపల్లెలో తెగని చెయ్యి ఆమెది. ఇప్పుడు నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు నిలబడి, తెగింది అని తన నోటితో చెప్తోంది. మళ్ళీ దేవేంద్రకు అర్థమయ్యేలా అదే మాట హిందీలో కూడా చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు. చెప్పకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది? ఆ పొట్లం చెత్తబుట్టలో వేస్తే సరిపోయేది. నేను ఆ గీతను పట్టుకుని ఊరేగుతుంటే, ఎప్పుడో ఒకరోజు ఎవరో మళ్ళీ చేసి చూసి, నా మొహాన ఉమ్మేదాకా తెలిసేది కాదు.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. నేను కుర్చీలో కూలబడ్డాను. అంతా అయిపోయిందనుకున్నాను.

"లేమ్మా" అంది. "ఏడో గూడు ఈడనే ఉండాది కదా. తెగిన కాడ నుంచి మిగిలిన సగం దాంట్లోనే ఉండాది. నాలుగు పట్టీలు సుట్టి ఇస్తా."

చుట్టడానికి అరగంట, చూడడానికి నలభై నిమిషాలు. ఐదు దాటిపోతుంది. దేవేంద్ర సిమెంటు వాళ్ళ పెద్దాయన వైపు చూశాడు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఒక అలవాటుంది. తమ పని ముందే అయిపోతే మిగిలిన సమయం పక్కవాళ్ళకు ఇచ్చిపోతారు. కానీ ఇంకా మొదలుపెట్టని వాళ్ళు తమ సమయంలోంచి తీసి ఇవ్వడం మాత్రం ఎవరూ అడగరు. పెద్దాయన నన్ను చూడలేదు. ఫాతిమక్కను చూశాడు. "బహెన్‌జీ, గంట మీది" అన్నాడు.

ఈసారి నేను నోరు మూసుకుని కెటిల్ పట్టుకున్నాను. ఆమె ఏడో గూడు ఒక్కదాన్నే నీళ్ళలో వేసి, కొస వెతికి పట్టి, చుట్టింది. ఒకసారి పోగు బిగుసుకుంది. వేళ్ళు టక్కున ఆగాయి. పక్కన ఇంకో గూడు లేదు, ఉన్నా అందుకునేది కాదు. సర్ది, మళ్ళీ మెల్లగా లాగింది. కొత్త ఫ్రేము లోపల పెట్టి, వంగి బల్ల కింద చూసి, కేకేసి, మీట నొక్కి వచ్చింది. ఐదో పట్టీ నాలుగో దాని పైన నిలిచింది. ఆరు, ఏడు, ఎనిమిది ఒకదాని తర్వాత ఒకటి పైకి పోయాయి. వింత లేదు, విడ్డూరం లేదు. మిగతా పదకొండింటిలాగే పన్నెండోది. మెట్ట పోగూ, తడి పోగూ లోపల ఒకటే. మా నాన్న గూళ్ళలో సత్తువ ఎప్పుడూ తక్కువ కాలేదు. నేను ఫాతిమక్క భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. సిగ్గు పడలేదు.

డిసెంబరు లోపే థీసిస్ ఇచ్చాను. తర్వాతి ఏడాది పట్టా వచ్చింది. బైండు చేసిన పుస్తకం ఒకటి పట్టుకుని పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులో మదనపల్లె వెళ్ళాను. పందిరి కింద చర్కా తిరుగుతూనే ఉంది. ఖాజా మొహిద్దీన్ చక్రం ఆపాడు. ఆ ఊళ్ళోకి ఇండోర్ సంగతి నా కంటే ముందే చేరింది. చేరవేసింది ఆమే. పోగు తెగిందని, తానే అతికించిందని పక్క చర్కాల వాళ్ళందరికీ చెప్పుకుందట. ఇప్పుడు ఆమెను 'తెగిన చెయ్యి' అని ఏడిపిస్తారట. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వుతుందట.

పుస్తకం తెరిచి, ఆమె పేరున్న చోటు చూపించాను. పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది.

"ఏడోదాని గురించి ఏం రాసినావు? సదువు."

చదివాను. ఏడో ఫ్రేములో నాలుగో పట్టీ తర్వాత పోగు తెగినందువల్ల, చుట్టినవారు వేరే గూడు పోగును అతికించారు. ఆ సంగతి చుట్టినవారే చెప్పారు. అదే గూడు నుంచి మిగిలిన పోగు తీసి మళ్ళీ చూశాం.

"సరిగ్గా రాసినావు" అంది.

"లేదక్కా. సరిగ్గా రాయలేదు." ఏడాదిగా గొంతులో పడి ఉన్న మాట అప్పటికి బయటికొచ్చింది. "నేను అరిచినాను. ఇంకో గూడు పడెయ్ అని నేనే చెప్పినాను. అందుకే నీ చెయ్యి తొందరపడింది. ఆ రోజు అందరి ముందూ అది నువ్వు చెప్పలేదు. పుస్తకంలో నేనూ రాయలేదు."

ఫాతిమక్క తెల్లబడిన వేలి కొసలతో పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు అరిసింది ఏ పట్టీలో కనపడతాదమ్మా, నేను చెప్పేదానికి?" అని, తొట్టి వైపు తిరిగి కూర్చుంది.

ఖాజా మొహిద్దీన్ చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. నేను ఆ పక్కనే పీట మీద కూర్చున్నాను. పుస్తకంలో రాయనిది ఇప్పుడు ఇక్కడ రాశాను.